డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?



నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి డ్యూటీలో చేరి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా వేల డిశ్చార్జి చీటీలు వెళ్ళాయి. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కొన్నేళ్ళ క్రితం అరవై ఐదేళ్ళు పైబడిన ఒక పెద్దాయన మగవాళ్ళ వార్డులో చేరాడు. షుగరు వ్యాధి, కుడి పాదం మీద పుండు. పన్నెండు రోజులు డ్రెస్సింగ్ చేశాం. పుండు శుభ్రపడి ఎర్రటి కండ వేయడం మొదలైంది. డిశ్చార్జి రోజున అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను: "తాతా, ఇంటికి వెళ్ళాక కాలు తడవనివ్వకు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేయించుకో. వేళకు తిను, మాత్రలు మానకు."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ "ఏ ఇంటికమ్మా?" అన్నాడు.

బస్టాండు వెనక మూతపడిన కొట్టు అరుగు మీద పడుకుంటాడని నాకు అప్పుడే తెలిసింది. పన్నెండు రోజుల్లో మాలో ఒక్కరమూ ఆ సంగతి అడగలేదు. ఆ బెడ్డు కోసం మరో రోగి వరండాలో ఎదురుచూస్తున్నాడు. పంపించేశాను. మూడు వారాల తర్వాత ఆయన తిరిగి వచ్చేసరికి కాలు నల్లబడింది. మోకాలి కింద తీసేయవలసి వచ్చింది. వైద్యంలో లోపం లేదు. లోపమంతా డిశ్చార్జి తర్వాత ఎక్కడికి వెళతాడో అడగకపోవడంలో ఉంది.

ఇల్లు లేనివారికి మనం చెప్పే ఆరోగ్య సలహాలు చాలావరకు పనికిరావు. ఇన్సులిన్ చల్లగా ఉంచమంటాం, ఎక్కడ ఉంచాలి? క్షయ మందులు కనీసం ఆరు నెలలు మానకుండా వేసుకోమంటాం. ఫుట్‌పాత్ మీద నిద్రపోతే తెల్లారేసరికి మందుల సంచే ఉండదు. క్షయ రోగుల పోషకాహారానికి ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుండి దాన్ని 1,000 చేసింది. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా లేనివాడికి అది అందేదెలా?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. అందులో సగానికి పైగా, అంటే 9.38 లక్షల మంది, పట్టణాల్లోనే ఉన్నారు. అరుగుల మీద, వంతెనల కింద ఉండేవారిని లెక్కపెట్టడం కష్టం కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అయి ఉంటుంది.

వీరి కోసం ఏమీ జరగలేదని అనడం సరికాదు. 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున ఉండాలని, అది 24 గంటలూ, ఏడాది పొడవునా తెరిచి ఉండాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో షెల్టర్లకు ప్రత్యేక పథకం పెట్టారు. ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, నీరు, మరుగుదొడ్డి, వంటకు వసతి ఉండాలన్నారు. అక్కడ ఉన్నవారికి గుర్తింపు కార్డు, పింఛను, వైద్యం అందేలా చూడాలన్నారు. ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు పంచుకున్నాయి.

మరి ఎందుకు అందరికీ నీడ దొరకలేదు? 2016లో సుప్రీంకోర్టు జస్టిస్ కైలాశ్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. చాలా రాష్ట్రాల్లో వచ్చిన నిధులు ఖర్చు కాకుండా మిగిలిపోయాయని ఆ విచారణలో బయటపడింది. డబ్బు ఉంది, అవసరం ఉంది. ఆ రెంటినీ కలిపే మనిషి లేడు. ఆ మిషన్ గడువు కూడా 2024 సెప్టెంబరుతో ముగిసింది. కాబట్టి ఇప్పుడు మన మునిసిపాలిటీ బడ్జెట్లో షెల్టరుకు ఎంత పెడుతున్నారని అడగవలసిన బాధ్యత మనపై మరింత పెరిగింది.

మన సంఘాల్లో రెండు రకాల మాటలు వింటుంటాను. "అది ప్రభుత్వం పని, మనకెందుకు?" అని కొందరు. "ప్రభుత్వంతో పని లేదు, చందాలు వేసుకుని మనమే ఒక షెల్టరు కడదాం" అని మరికొందరు. రెండూ సరికావని నా అభిప్రాయం.

షెల్టరు కట్టడం ఒక రోజు పని కాదు. రాత్రి కాపలాదారు జీతం, కరెంటు బిల్లు, మరుగుదొడ్లు కడిగేవారి కూలి ప్రతి నెలా రావాలి. క్రిస్మస్‌కు వచ్చిన చందాలు వేసవికి ఉండవు. ఈ ఖర్చు ప్రజల పన్నుల నుండే రావాలి. అది దానం కాదు, వారి హక్కు.

అయితే జీతం తీసుకునే ఉద్యోగి చేయలేని పని ఒకటుంది. మొదటి రోజు తోడు వెళ్ళడం. షెల్టరు ఉన్నా ఎవరూ రారని అధికారులు అంటారు. ఎందుకు రారో ఆ పెద్దాయనే నాకు చెప్పాడు. మూట పోతుందని భయం, కూలి అడ్డాకు దూరమని బెంగ, ఎవరు గెంటేస్తారోనన్న అవమానం. "తాగుబోతులకు ఇదంతా ఎందుకు?" అనేవారికి ఒక మాట. తాగేవాళ్ళూ ఉంటారు. ఇళ్ళున్నవాళ్ళలోనూ ఉన్నారు. వారికీ మనం కట్టు కడుతున్నాం కదా.

ఆ సంఘటన తర్వాత మా వార్డుల్లో చేర్చుకునే రోజే "రాత్రి ఎక్కడ పడుకుంటారు?" అని అడిగి కేస్ షీటులో రాస్తున్నాం. ఒకసారి చిత్తు కాగితాలు ఏరుకునే ఒకామె క్షయ వ్యాధితో వచ్చింది. స్త్రీల సమాజం నుండి ఇద్దరు అక్కలు ఆమెను షెల్టరుకు తీసుకువెళ్ళి, ప్రతి ఆదివారం మధ్యాహ్నం పలకరించి వచ్చేవారు. బ్యాంకు ఖాతా తెరిపించారు. ఆమె మందుల కోర్సు పూర్తిచేసింది. వాళ్ళు పెట్టిన ఖర్చల్లా ఆటో కిరాయి.

మీ అందరినీ మూడు పనులు కోరుతున్నాను. ఒకటి, మన పేటలో షెల్టరు పెడతామంటే అడ్డు చెప్పవద్దు. ఆసుపత్రికి, బస్టాండుకు దగ్గరగా ఉంటేనే అది ఉపయోగపడుతుంది. రెండు, షెల్టరుకు ఏటా నిధులు కేటాయించాలని, ఆసుపత్రి నుండి వచ్చేవారి కోసం అందులో నాలుగు మంచాలైనా వేరుగా ఉంచాలని మీ కౌన్సిలరును అడగండి. మూడు, డిసెంబరులో దుప్పటి ఇచ్చి ఫోటో తీయించుకునే కుటుంబాలు జనవరిలో ఒకసారి వెళ్ళి, ఆ దుప్పటి తీసుకున్న మనిషి ఎలా ఉన్నాడో చూసి రండి. ఒంట్లో బాగాలేకపోతే 108కి, దిక్కులేని వృద్ధులు కనిపిస్తే 14567కి ఫోను చేయండి.

మంచి సమరయుని కథ మనందరికీ తెలిసినదే. ఆయన గాయాలు కట్టడంతో ఆగలేదు. పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. ఆ పెద్దాయన విషయంలో మేము గాయం కట్టడం దగ్గరే ఆగిపోయాం.

ఈసారి ఎవరైనా "ఏ ఇంటికమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు నేనొక్కదాన్నే తయారుచేయలేను.