ఆకాశం యెవరి సొత్తు?

"డిష్ టి.వి. రోజులు అయిపోయినవి. ఇంటర్నెట్ వచ్చింది, డిష్షు పోయింది. యెడ్లబండి పోయి బస్సు వచ్చినట్లే యిదీను. యెవరినీ నిందించవలసిన పని లేదు" అనే వాదన యీమధ్య చదువుకున్నవారి నోట తరచుగా వినిపిస్తున్నది. మా కళాశాల ఉపాధ్యాయుల గదిలో, అభ్యుదయవాదులమని చెప్పుకునే మిత్రుల నోటనే నేను దీనిని విన్నాను. పైకి యిది శాస్త్రీయమైన మాటగా కనబడుతుంది. కాని యంత్రాన్ని చూచి, ఆ యంత్రం యెవరి చేతిలో వున్నదో అడగని వాదన శాస్త్రీయం కాదు. లాభం తీసుకున్నవాడిని తెర వెనుకకు తప్పించడమే అది చేసే పని.

మన దేశంలో ఉపగ్రహం ద్వారా టెలివిజన్‌ను పల్లెకు తెచ్చినది యే కంపెనీ కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని యెరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నలుగురూ కూడే చోట ఒక పెట్టె పెడితే వూరంతా చూచేది. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులోని విషయాలు. అది స్వర్ణయుగమని నేననను. అవి అత్యవసర పరిస్థితి రోజులు. పెట్టెలో ప్రభుత్వం మాట్లాడేది, పల్లె వినేది. అయినా ఆ పెట్టె వూరందరిదీ అనే భావం ఒకటి అక్కడ వుండినది. ఆ తరువాత వచ్చిన ఇన్సాట్ ఉపగ్రహాలు కూడా ప్రజల ధనంతో లేచినవే.

ఇంటింటికీ నేరుగా ప్రసారం చేయడాన్ని ప్రభుత్వం 1997లో నిషేధించి, 2000 నవంబరులో అనుమతించింది. 2003 అక్టోబరులో జీ అధిపతి సుభాష్ చంద్ర గారి ఎస్సెల్ గ్రూపు డిష్ టి.వి.ని దేశంలో మొట్టమొదటిదిగా దించింది. ఆ వెనుక టాటాలు, సన్, రిలయన్స్, ఎయిర్‌టెల్, వీడియోకాన్ వరుసగా దిగినవి. కేబుల్ తీగ చేరని చోటికి డిష్షు చేరింది. మా అల్లూరు వైపు మిద్దెల మీదనే కాదు, రొయ్యల గుంటల గట్టున కాపలా పాకల మీద కూడా అది వెలిసింది. ఆ అవసరం నిజం, ఆ సంతోషమూ నిజం. దానిని యెవరూ తోసిపుచ్చనక్కరలేదు.

కాని ఆ అవసరం మీద కట్టిన వ్యాపారం యెట్లాంటిది? 2006 జూలై 10న, అప్పటి మన నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుండి లేచిన రాకెట్టు ఇన్సాట్-4సి ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో కూలిపోయింది. ఇంటింటి ప్రసారాలకు వుద్దేశించిన పన్నెండు ట్రాన్స్‌పాండర్లు అందులో వున్నవి. ఆ నష్టం ప్రజల ఖాతాలో పడింది. ప్రమాదం ప్రజలది, అద్దె కంపెనీలది: యీ వ్యాపార సూత్రం అంతే.

ఆ అద్దె వసూలుకు తాళంచెవి బాక్సు. ఒక కంపెనీ బాక్సు మరొక కంపెనీ ప్రసారానికి పనిచేసేటట్లు వుండాలని లైసెన్సు నిబంధనలు చెప్పినవి. ఆచరణలో అది జరగలేదు. 2020లో టెలికాం నియంత్రణ సంస్థ మళ్లీ అదే సిఫారసు చేయవలసి వచ్చిందంటే, అంతకాలం నిబంధన కాగితం మీదనే వున్నదన్నమాట. కంపెనీ మారదలచినవాడు డబ్బు పోసి కొన్న బాక్సును అటక మీద పడవేయవలసిందే. 2019 ఫిబ్రవరి నుండి, యే ఛానెల్ యెంచుకున్నా యెంచుకోకున్నా, ముందు 130 రూపాయలూ దానిపైన పన్నూ చెల్లించవలసి వచ్చింది. ఇంకొక సంగతి తీరంలో బతికేవారికి బాగా తెలుసు. యీ ప్రసారం వాడే తరంగాలను గట్టి వాన అడ్డుకుంటుంది. కార్తీకంలో వాయుగుండం పట్టి, వార్త కోసం జనం కళ్లు కాయలు కాచేటట్లు చూచే రాత్రే తెర ఖాళీ అయ్యేది. కట్టిన డబ్బులో ఆ రాత్రి వంతు యెవరూ తిరిగి యివ్వలేదు.

ఇక పతనం సంగతి. 2018 మార్చిలో డిష్ టి.వి. వీడియోకాన్ డి2హెచ్‌ను కలుపుకుని దేశంలో అతి పెద్దదయింది. యేడాది తిరగకముందే, 2019 జనవరిలో, సుభాష్ చంద్ర గారు అప్పులిచ్చినవారికి క్షమాపణ చెప్తూ బహిరంగ లేఖ వ్రాశారు. రోడ్లు మొదలైన నిర్మాణాలలో పెట్టిన పెట్టుబడులూ, యీ వీడియోకాన్ కొనుగోలూ తమ పొరపాట్లని ఆయనే వొప్పుకున్నారు. యజమాని తన అప్పులను చూపుతూ వుంటే, మన మిత్రులు ఆయన పక్షాన ఇంటర్నెట్‌ను చూపుతున్నారు! కుదువబెట్టిన వాటాలు 2020లో యెస్ బ్యాంకు పాలైనవి. ఆ బ్యాంకునే అదే సంవత్సరం మార్చిలో స్టేట్ బ్యాంకు ముందుండి గట్టెక్కించవలసి వచ్చింది. 2020 డిసెంబరులో ప్రభుత్వం లైసెన్సు ఫీజు బకాయి, వడ్డీ కింద 4,164 కోట్ల రూపాయలు కట్టమన్నది, కంపెనీ వొప్పుకోలేదు. 2020-21లో మూడు వేల కోట్లు దాటిన రాబడి 2024-25 నాటికి దాదాపు సగమైంది.

ఇంటర్నెట్ దెబ్బ లేదని నేననను. నెలనెలా డబ్బు కట్టే డిష్షు యిళ్లు 2021 మార్చిలో యేడు కోట్ల దరిదాపుల వుండి, 2025 మార్చికి 5.7 కోట్లకు దిగినవి. కాని 2004లో ప్రభుత్వం మొదలుపెట్టిన, నెలవారీ రుసుము లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ నాలుగు కోట్లకు పైగా యిళ్లలో వున్నదని అంచనా. అదీ డిష్షే, అదీ అదే ఆకాశం కిందనే. కాలం చెల్లినది డిష్షుకే అయితే అది యెట్లా నిలబడింది? కూలుతున్నది అద్దె. ఆ ఉచిత పళ్లెంలోనూ స్థానాలు వేలంపాటకు పోతున్నవి; అధికభాగం హిందీ ఛానెళ్లవే. తెలుగు పల్లెకు మిగిలేది అడుగంటిన మెతుకులు. దానిని ప్రశ్నించవలసింది మనమే. మన విమర్శకులు సీరియల్‌లోని అత్తాకోడళ్లను విశ్లేషించడంలో చూపిన శ్రద్ధ, ఆ సీరియల్‌ను మోసుకువచ్చే దారి యెవరి గుప్పిట్లో వున్నదో చూడడంలో చూపలేదు.

ఇదంతా గతజల సేతుబంధనం కాదు. 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం స్టార్‌లింక్‌కు ఉపగ్రహ ఇంటర్నెట్ లైసెన్సు యిచ్చింది. మళ్లీ అదే ఆకాశం, మళ్లీ కొనుక్కోవలసిన పళ్లెం, మళ్లీ నెలసరి కిరాయి. యీసారి యజమాని సముద్రాల అవతల వున్నాడు. "కాలం మారింది" అని చేతులు కట్టుకుని కూర్చుంటే యిరవై యేళ్ల కథ పునరావృతమవుతుంది. ఒకరి పరికరం అందరి సేవకూ పనిచేయాలనీ, కంపెనీ మూతపడితే పరికరం ఖరీదు కొన్నవాడికి తిరిగి రావాలనీ, వుచిత ప్రసారంలో తెలుగుకు వేలంతో నిమిత్తం లేని స్థానం వుండాలనీ యిప్పుడే అడగాలి. విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ తమ మహాసభల తీర్మానాలలో యీ మూడు కోర్కెలనూ చేర్చాలి. ఆకాశానికి హద్దురాళ్లు పాతిన తరువాత కొలతలు అడిగితే యెవరూ చెప్పరు.