చేపకు పొగ పెట్టే డబ్బా కొంటున్నారా?

ఎండుచేప మనకు కొత్తది కాదు. ఉప్పుచేపా కొత్తది కాదు. ఇప్పుడు కొన్ని ఇళ్లలో పొగ పెట్టిన చేప మీద మోజు మొదలైంది. విదేశాల్లో పిల్లల దగ్గరకు వెళ్లి రుచి మరిగినవారు కొందరు, హోటల్లో తిని ఇష్టపడినవారు కొందరు. చేత్తో మోసుకుపోగల చిన్న పొగ డబ్బాలు బజారులో దొరుకుతున్నాయి. పాత డబ్బా ఒకటి వుంటే మేమే చేసుకుంటామనేవారూ వున్నారు. చేసుకోండి, తప్పులేదు. కాని ముందు ఒక్క మాట చెవిన వేసుకోండి.

పొగ చేపకు రుచినిస్తుంది, రంగునిస్తుంది. రోగం రాకుండా కాపాడే పని మాత్రం పొగ ఒక్కదానివల్ల కాదు. ఆ పని చేసేవి వేడి, ఉప్పు, చల్లదనం.

మన దేశంలో పొగచేపకు పేరుపడినది లక్షద్వీపం. అక్కడ మినికాయ్‌లో ట్యూనా చేపతో ‘మాస్‌మీన్’ చేస్తారు. ముందు చేపను ఉడకబెడతారు. తరువాత పొగ పెడతారు. ఆ పైన చెక్కలా గట్టిపడేదాకా ఎండబెడతారు. అది చాలాకాలం నిలవ వుంటుందంటే కారణం ఒక్క పొగ కాదని తెలుస్తూనే వుంది గదా! అమెరికాలో 1963లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. పొగ పెట్టిన చేపలను గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి దూర ప్రాంతాలకు పంపారు. దారిలో చల్లదనం తప్పింది. వాటిని తిన్న కొందరు బొటులిజం అనే విషవ్యాధికి గురై ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి గాలి లేనిచోటే పెరుగుతుంది. పొగ వాసన దాన్ని ఆపలేదు.

కొనేటప్పుడు

స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి. అడుగున రంపపు పొట్టు పెట్టే పళ్లెం, దానిపైన చేప కొవ్వు పట్టే పళ్లెం, ఆ పైన చేపలు పరిచే జల్లెడ వుండాలి. కొవ్వు పట్టే పళ్లెం లేని డబ్బా ఎంత చవకైనా వద్దు. కొవ్వు నిప్పుల మీద కారితే లేచే పొగలో బెంజోపైరీన్ అనే పదార్థం ఎక్కువగా వుంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైంది. పొగగొట్టాలు శుభ్రం చేసే పనివారికి మసివల్ల క్యాన్సర్ వస్తున్నదని ఇంగ్లండులో పెర్సివాల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే గుర్తించాడు. యూరప్ దేశాల చట్టం ప్రకారం కిలో పొగచేపలో ఈ పదార్థం 2 మైక్రోగ్రాములు మించకూడదు.

మూతకు బిగించిన మీటరు డబ్బాలోని గాలి వేడిని చెబుతుంది. చేప లోపలి వేడిని చెప్పదు. అంచేత చేపలో గుచ్చి చూసే థర్మామీటరు విడిగా కొనుక్కోవాలి.

ఇంట్లో చేసుకుంటే

రెండడుగుల ఎత్తున్న పాత స్టీలు బియ్యం డబ్బా బాగా పనికివస్తుంది. అడుగున పక్కలకు నాలుగు, మూతకు నాలుగు వేలెడు రంధ్రాలు వేయించండి. అడుగున ఇనుప మూకుడులో బొగ్గుల నిప్పు, దానిమీద గుప్పెడు రంపపు పొట్టు. మూకుడికి జానెడు పైన, చుట్టూ పొగ వెళ్లేందుకు సందు వుండేలా స్టీలు పళ్లెం. దానికి మరో జానెడు పైన జల్లెడ. వీటిని అడ్డంగా దూర్చిన స్టీలు చువ్వల మీద నిలపవచ్చు. డబ్బాను ఇటుకల మీద పెట్టాలి. ప్లాస్టిక్ పిడులూ, రబ్బరు చుట్టూ వుంటే తీసేయండి. మొదటిసారి చేపలు లేకుండా గంటసేపు నిప్పు పెట్టి కడిగేయండి.

జింకు పూసిన రేకు, రంగుల డబ్బా, పురుగుమందు డబ్బా ఎంత తోమినా వాడరాదు.

మామిడి, జామ కర్రల పొట్టు, కొబ్బరి పెంకులు మంచివి. వడ్రంగి దుకాణంలో దొరికే పొట్టులో ప్లైవుడ్, వార్నిషు కలిసివుంటాయి గనుక వద్దు. గన్నేరు కర్ర విషం. నిప్పు రాజేయడానికి కిరసనాయిలు చల్లవద్దు. మంట లేవకూడదు, పొట్టు నివురుగప్పిన నిప్పులా రగులుతూ వుండాలి.

పొగ పెట్టే పద్ధతి

తాజా చేప కావాలి. కానగంతలు, కవ్వళ్లు, ట్యూనా వంటివి ఎండలో కాసేపు వుంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. దాన్ని పొగా పోగొట్టలేదు, వేడీ పోగొట్టలేదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్లు దురద, తలనొప్పి వస్తాయి.

పేగులు తీసి శుభ్రంగా కడగండి. లీటరు నీళ్లకు 80 నుంచి 100 గ్రాముల ఉప్పు కలిపి, ముక్కలను అరగంట నానబెట్టండి. తీసి, ఈగలు వాలకుండా ఫాను కింద తడి ఆరనివ్వండి. తడి ముక్కకు పొగ సరిగా పట్టదు.

చేప మందంగా వున్నచోట లోపలి వేడి 63 డిగ్రీల సెంటీగ్రేడుకు రావాలి. వెంటనే తినేటట్లయితే అది చాలు. మర్నాటికి వుంచేటట్లయితే ఆ వేడి అరగంటసేపు నిలవాలి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో తినేయండి. ఇంకా నిలవ కావాలంటే గడ్డకట్టే అరలో పెట్టండి. గాలి తీసిన సంచిలో మూటగట్టి బయట వుంచే పని ఎన్నడూ చేయవద్దు. తినేముందు తోలు తీసేస్తే మసి చాలావరకు పోతుంది.

ఎక్కడ పెట్టాలి?

ఆరుబయటే. వంటింట్లో, స్నానాలగదిలో, తలుపులు మూసిన బాల్కనీలో పెట్టవద్దు. వాన వచ్చిందని రగిలే డబ్బాను లోపలికి తేవద్దు. బొగ్గులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి, ఆపైన స్పృహ తప్పడం. ఎవరికైనా అలా అనిపిస్తే ముందు గాలిలోకి తీసుకువచ్చి, వెంటనే ఆస్పత్రికి చేర్చండి. డబ్బా దగ్గరకు పసిపిల్లలనూ, ఉబ్బసం వున్నవారినీ రానివ్వకండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

రక్తపుపోటు, మూత్రపిండాల జబ్బు వున్నవారు ఉప్పు సంగతి మరువరాదు. రోజుకు 5 గ్రాములలోపే వాడాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఉప్పునీళ్లలో నానిన చేప ఆ లెక్కలో చాలావరకు మింగేస్తుంది. వేడి తగలకుండా చల్లని పొగ మాత్రమే పెట్టిన చేప గర్భిణులకు పనికిరాదు. దానిలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి వుండవచ్చు. పొగలు వచ్చేదాకా వేడిచేసిన తరువాతే పెట్టండి.

పొగచేప తిన్న తరువాత చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగడం కష్టమైనా, మాట తడబడినా జ్వరం లేదు గదా అని ఊరుకోవద్దు. బొటులిజంలో జ్వరం రాకపోవచ్చు. ఆ పూటే ఆస్పత్రికి వెళ్లి, ఏ చేప తిన్నారో, ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి.

అలాగని భయపడి మానేయనక్కరలేదు. ఎప్పుడో ఒక ఆదివారం, ఆరుబయట, తాజా చేపతో, లోపలిదాకా ఉడికేటట్లు చేసుకుని వెంటనే తింటే పొగచేప మంచి భోజనమే. నిత్యం తినే కూరగా మాత్రం మార్చుకోకండి.