అందరికీ అకాడమీ ఎందుకు?

మా కనకమామిడి వైపు ఆడపిల్లల ఆట ఏడో తరగతి దగ్గరో ఎనిమిదో తరగతి దగ్గరో ఆగిపోతుంది. ఎవరూ గట్టిగా వద్దనరు. "బిడ్డ పెద్దగైంది, ఇంకా ఉరుకులాటలేంది" అని ఎవరో ఒక మాటంటారు, అంతే. స్కూల్లో ఆటల పీరియడు లెక్కల సార్ తీసుకుంటాడు. ఇంటికొస్తే నీళ్లు పట్టాలి, ఊడవాలి, బట్టలు మడతపెట్టాలి. అన్న మాత్రం బ్యాటు పట్టుకుని చీకటి పడేదాకా బయటే ఉంటాడు. దీన్ని అన్యాయమని కూడా మనం అనుకోం, అంతగా అలవాటైపోయింది.

బాగా ఆడే పిల్లకైతే ఏదో ఒక దారి దొరుకుతుంది. మా మొయినాబాద్ మండలంలోనే ముర్తూజగూడలో సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ ఉంది. హైదరాబాద్‌కు పోతే బ్యాడ్మింటన్‌కు గోపీచంద్ అకాడమీ ఉంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని ఆశపడి కొందరు పంపుతారు కూడా. నేను అడిగేది బాగా ఆడని పిల్ల గురించి. మామూలు పిల్ల, పొట్టిగా ఉండే పిల్ల, బంతిని పదిసార్లు వేస్తే ఒక్కసారి రింగులో పడేసే పిల్ల. ఆ పిల్ల ఎక్కడికి పోయి ఆడాలి?

ఇంగ్లండులో షెఫీల్డ్ అని ఒక నగరం ఉంది. మన వంటింటికి చుట్టమే అనుకోండి. అక్కడి కత్తులకు, చెంచాలకు ఎప్పటినుంచో పేరు. తుప్పు పట్టని స్టీలును 1913లో హ్యారీ బ్రేర్లీ తయారుచేసింది కూడా అక్కడే. ఆ ఊళ్లో 1961లో బెటీ కొడోనా అనే ఆవిడ ఆడవాళ్ల కోసం ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు పెట్టారు. పేరు షెఫీల్డ్ హ్యాటర్స్. టోపీలతో సంబంధమేమీ లేదు, హాట్‌ఫీల్డ్ హౌస్ లేన్ అనే స్కూలు పేరులోంచి వచ్చిందది. బ్రిటన్‌లో మొదటి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ క్లబ్బు అదేనంటారు. తర్వాత దేశమంతటి లీగులు, కప్పులు చాలా గెలిచింది. బెటీ కూతురు వెనెస్సా ఎల్లిస్ అదే క్లబ్బులో ఆడి, దానికే కోచ్ అయ్యారు. మన ఇళ్లల్లో తల్లి నగలు కూతురికి వస్తాయి, వాళ్లింట్లో క్లబ్బు వచ్చింది!

కప్పుల సంగతి అలా ఉంచండి. నాకు నచ్చింది క్లబ్బు నడిచే పద్ధతి. అక్కడ ఇలాంటి ఊరి క్లబ్బుల్లో చాలావాటికి సొంత భవనం ఉండదు. సాయంత్రం ఖాళీగా ఉన్న స్కూలు హాలును గంటకింత అని అద్దెకు తీసుకుంటారు. పిల్లలు కొద్దిగా చందా కడతారు. నేర్పేది చాలాసార్లు జీతం తీసుకోని మనుషులే, ఒకప్పుడు ఆడినవాళ్లు. స్కోరు రాసేది, డబ్బు లెక్క చూసేది, పిల్లల్ని ఇళ్లకు చేర్చేది తల్లిదండ్రులు. బాగా ఆడే పిల్ల పై టీముకు పోతుంది. ఆడలేని పిల్ల మళ్లీ వారం కూడా వస్తుంది, ఎవరూ పొమ్మనరు. అకాడమీకీ క్లబ్బుకీ నాకు కనిపించిన తేడా ఇదే.

ఇది మనవల్ల కాదనుకునేవాళ్లు ఒక్కసారి మన మహిళా సంఘాన్ని గుర్తు తెచ్చుకోండి. పది పదిహేను మంది, నెలనెలా పొదుపు, ఒక లీడరు, ఒక పుస్తకం, మీటింగుకు రాకపోతే జరిమానా. బ్యాంకుకు పోయి లోన్లు తెచ్చి, తిప్పి కట్టే ఆడవాళ్లం, సాయంత్రం ఒక గంట ఆట నడపలేమా? క్లబ్బుకు కావలసిన సరంజామా అంతా మన దగ్గర ఉంది, బంతి తప్ప.

జాగా కూడా పెద్దగా అక్కర్లేదు. పూర్తి కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. కానీ జట్టుకు ముగ్గురు చొప్పున, ఒకే రింగుతో ఆడే ఆట ఇప్పుడు ఒలింపిక్స్‌లోనే ఉంది, టోక్యోలో మొదలైంది. దానికి సగం కోర్టు చాలు. పది నిమిషాల ఆట, లేదా ముందు 21 పాయింట్లు చేసినవాళ్లు గెలిచినట్టు. ఇంతకీ ఈ ఆట పుట్టిందే సర్దుబాటులో. 1891 డిసెంబరులో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అనే పంతులు చలికాలం గది లోపల ఆడించడానికి పీచ్ పండ్ల బుట్టలు రెండు పది అడుగుల ఎత్తున కొట్టించాడు. మరుసటి ఏడాదికే సెండా బెరెన్సన్ అనే టీచరమ్మ స్మిత్ కాలేజీలో ఆడపిల్లలకు నేర్పించింది. ఇది మగవాళ్ల ఆట అనేవాళ్లకు ఈ మాట చెప్పండి.

మా చుట్టుపక్కల ఇంజినీరింగు కాలేజీల్లో, పెద్ద స్కూళ్లలో కోర్టులు లేకపోలేదు. బస్సులు వెళ్లిపోయాక గేటు పడుతుంది, రింగు కింద గాలి తప్ప ఎవరూ ఉండరు. ఊరికి 2022లో క్రీడా ప్రాంగణాలు వచ్చాయి, వాలీబాల్, ఖోఖో అన్నారు. మంచిదే. కానీ నలుగురు మగపిల్లలు బ్యాటు పట్టుకుని నిలబడితే ఆడపిల్ల అటు అడుగేయదు. అందుకే వారంలో రెండు సాయంత్రాలు, ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, ఆడపిల్లలకే అని రాసిపెట్టిన సమయం కావాలంటాను. పెద్దమనుషులు ఒప్పుకోకపోతే ఒప్పించాలి. వంతులవారీగా ఇద్దరు తల్లులు అక్కడ కూర్చోవాలి, చీకటి పడకముందే పిల్లల్ని ఇళ్లకు దింపాలి.

బట్టల గొడవ ఒకటుంది. నిక్కరు వేసుకోనని పిల్ల అంటుంది, వేసుకోనివ్వమని నాన్న అంటాడు. లెగ్గింగు మీద టీషర్టు చాలు, మన ఆటకు యూనిఫాం ఎవరడిగారు? తలకు గుడ్డ కట్టుకుని ఆడొచ్చని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య కూడా 2017లో నియమం మార్చింది, కాబట్టి మా పక్కింటి ముస్లిం పిల్లలకూ అడ్డం లేదు. ఇక చదువు పాడవుతుందనే మాటకు నా జవాబు చిన్నదే: ఆ గంటలో వాళ్లు చదవడం లేదు, ఫోన్ చూస్తున్నారు. మనలాగే.

వచ్చే నెల సంఘం మీటింగులో లోన్ల లెక్క అయిపోయాక ఈ మాట తీస్తున్నాను. కోర్టు ఉన్న స్కూలుకు ఇవ్వడానికి అర్జీ రాసిపెట్టాను. వారానికి రెండు గంటలు, బాధ్యత మాది, బోర్డు పగిలితే డబ్బు మాది అని అందులో ఉంది. ఇప్పటిదాకా ఆరు సంతకాలయ్యాయి. ఒకామె మాత్రం పెన్ను పట్టుకుని ఆగి, "పిల్లలేనా, మనం కూడా ఆడొచ్చా?" అని అడిగింది. అర్జీలో ఆ ముక్క కూడా చేర్చాను.