రాక్షసికి కొత్త కోరలెందుకు?

ఆత్మకూరు ప్రాంతంలోని డి.సి.పల్లి తోలుబొమ్మలకు పేరున్న ఊరు. మేకతోలుకు చిల్లులు పొడిచి, రంగులద్ది శూర్పణఖను నిలబెడతారు. తెరవెనక ఆమెకు గొంతునిచ్చేది చాలాసార్లు ఆడమనిషే.

ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకి ఇంకో శూర్పణఖ వచ్చింది. కంప్యూటర్ మీద గీసిన 'డార్క్ ఫాంటసీ' అట. పురాణాన్ని కొత్తగా ఊహించారట! ఏం ఊహించారు? రావణుడికి కండలు, కవచం, గంభీరమైన చూపు. ఆమెకు మాత్రం అదే నల్లటి ఒళ్లు, నెత్తురోడే కోరలు, పైగా ఒంటిమీద నిలవని గుడ్డ. భయపెట్టాలి, చూసే మగవాడికి సొంపుగానూ ఉండాలి. కోరిక చెప్పినందుకు ముక్కూ చెవులూ కోయడం నేరమని నేను చూసిన ఒక్క బొమ్మా అనలేదు.

కొత్తగా ఊహించడం ఓల్గాకు తెలుసు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న 'విముక్త'లో శూర్పణఖ తోట పెంచుకుంటుంది, సీతకు స్నేహితురాలవుతుంది.

నల్లగా ఉన్నా, గట్టిగా మాట్లాడినా 'రాక్షసి' అనిపించుకోని ఆడపిల్ల మన ఊళ్లలో ఎంతమంది? చేతబడి చేస్తోందని ఒంటరి స్త్రీని చెట్టుకు కట్టేసే మూక మనసులో ముందే ఉండేది ఈ బొమ్మే.

బొమ్మలు ఆపమనడం లేదు. ఆ కత్తిని గీయండి. దాన్ని పట్టుకున్న చేతిని గీయండి.