పచ్చని నీళ్లు, తెల్లని పొడి

ఈ సంచిక ముఖచిత్రం మీది పచ్చని నీళ్లు నికెల్ నైట్రేట్ ద్రావణం, పక్కనున్న తెల్లని పొడి అల్యూమినా. ఆ పొడి రంధ్రాల్లో ఎంత ద్రవం పడుతుందో ముందే కొలిచి, సరిగ్గా అంతే ద్రావణాన్ని చుక్కచుక్కగా పోస్తూ కలుపుతారు. ఆరబెట్టి, 500 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. గోధుమరంగు వాయువు వెళ్లిపోయి నికెల్ ఆక్సైడ్ మిగులుతుంది. దానిమీదుగా వేడివేడిగా హైడ్రోజన్ పంపితే సన్నని నికెల్ రేణువులు తేలతాయి.

ఆ రేణువులే ఉత్ప్రేరకం. 800 డిగ్రీల దగ్గర వాటి మీద మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. భూమిని వేడెక్కించే రెండు వాయువులు ఒక్క దెబ్బకు పనికొచ్చే సరుకవుతాయంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

చిక్కల్లా మసితోనే. నికెల్ కింద కార్బన్ పోగుల్లా పెరిగి, రేణువును దాని ఆధారమైన అల్యూమినా నుంచి పెకలించి పైకెత్తేస్తుంది. నికెల్ బదులు రోడియం వాడితే ఆ బెడద తక్కువే, ధర మాత్రం అందదు. రేణువు చిన్నదిగా ఉండి, ఆధారాన్ని గట్టిగా పట్టుకుంటే నికెల్ కూడా నిలుస్తుంది. ఆ పట్టు తయారీలోనే రావాలి.

అందుకే ఈసారి ఉత్ప్రేరకాల తయారీకే పెద్దపీట వేశాం. పరిశోధన పత్రాల్లో ఒక్క వాక్యంతో దాటేసే సంగతులను, అంటే ద్రావణం ఎంత, ఎంతసేపు ఆరబెట్టారు, వేడి ఎంత నెమ్మదిగా పెంచారు అన్నవాటిని, రచయితలను పట్టుబట్టి అడిగి రాయించాం.