పారణ లేని ఉపవాసము



ఆకలి కలుగకపోవుటను ఆధ్యాత్మికోన్నతిగా భావించు భ్రమ యొకటి ఇటీవల భక్తమండలులలో ప్రబలుచున్నది. మధుమేహమునకో స్థూలకాయమునకో పిండిపదార్థములను తగ్గించిన ఆహారపద్ధతిని ఆరంభించినవారు, రెండు మూడు వారములు గడచునప్పటికి ఆకలి మందగించినదని గ్రహించి, "భగవదనుగ్రహమున జిహ్వాచాపల్యము నశించినది, ఇక నాకు అన్నముతో పని లేదు" అని చెప్పుకొనుచున్నారు. వినువారు చేతులు జోడించుచున్నారు. ఆ చేతులు జోడించుటను ఖండించుటకే ఈ వ్యాసము. ఆహారపద్ధతితో నాకు వైరము లేదు. వైద్యుని పర్యవేక్షణలో దానిని అనుసరించి రక్తములోని చక్కెరను అదుపునకు తెచ్చుకొన్నవారు కలరు. నా వివాదమంతయు ఆకలి లేమికి సిద్ధి యని పేరు పెట్టువారితోనే.

అనంతపురము మెట్టభూములలో ఈ మాట వినవచ్చుట మరింత విచిత్రము. గుంతకల్లునకును ఉరవకొండకును నడుమనున్న వజ్రకరూరు ప్రాంతము కరవునకు పుట్టినిల్లు. జిల్లాలో ఏడాదికి కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. అక్కడ తొలకరి జల్లు పడినంతనే జనులు చేలలో వంగి వజ్రములకై వెదకుదురు. నేలలో కింబర్లైట్ శిలలున్నవి గనుక ఆ ఆశ నిరాధారము కాదు. అయినను దినము గడపునది వజ్రము కాదు, రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రబువ్వ, ఊరుబిండి. తరతరములు ఒక పూట తిండికై ఆకాశమును చూచిన ఆ ఊళ్ళలోనే ఇప్పుడు, "నాకు ఆకలి లేదు" అనుట గౌరవచిహ్నమైనది. 2017, 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగముల మూలమున ఈ తరహా ఆహారపద్ధతి తెలుగునాట పల్లెపల్లెకు పాకినది. కొవ్వు 70 నుండి 100 గ్రాములు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిన్ మాత్రలు అను లెక్క వృద్ధులకు సైతము కంఠస్థము. కాని నేను గమనించినంతవరకు, జనులు వదలవలసినవానిని శ్రద్ధగా వదలిరి, తినవలసినవానిని మరచిరి.

ఆ వైపు నుండి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని స్థితి చెప్పెదను. ఉదయము రెండు చెంచాల కొబ్బరినూనె, మధ్యాహ్నము దోసకాయ ముక్కలు, రెండు గ్లాసుల పలుచని మజ్జిగ, సాయంకాలము పది బాదంపప్పులు, రాత్రికి నిమ్మనీరు. రెండు నెలలుగా ఇంతియే. "ఆకలే కాదు సామీ, తినల్లని అనిపించదు" అన్నది. ఆమె తినునది నాలుగు వందల కేలరీలను పెద్దగా మించదు. అందులో మాంసకృత్తులు పది గ్రాములకు లోపే. జుట్టు రాలుచున్నది, మెట్లెక్కుటకు గోడ పట్టుకొనవలసి వచ్చుచున్నది. బాల్యము నుండి నోటికి వచ్చిన విష్ణుసహస్రనామము నడుమ తడబడుచున్నది. వెంట వచ్చిన స్త్రీలు మాత్రము "అమ్మకు ఆకలి జయమైనది" అని మురియుచున్నారు. నామము తడబడుట వారికి వినబడలేదు కాబోలు!

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో సరిగా ఈ విషయమే కలదు. ఉద్దాలక ఆరుణి తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు ఆహారము మాని నీరు మాత్రము త్రాగుమనెను. పదునారవ దినమున వేదమును చెప్పుమనగా, పండ్రెండేండ్లు గురుకులమున చదివి వచ్చిన ఆ బ్రహ్మచారికి ఒక్క ఋక్కైనను స్ఫురింపలేదు. తండ్రి ఆతనిని మెచ్చుకొనలేదు, నీవు సిద్ధుడవైతివని అనలేదు. పోయి భోజనము చేసి రమ్మనెను. భుజించి వచ్చిన పిమ్మట అడిగినదంతయు చెప్పగలిగెను. మనస్సు అన్నమయమని ఉపనిషత్తు బోధించిన విధానమిది. ఆ తండ్రి ప్రయోగము చేసినది అన్నము లేక మనస్సు నిలువదని చూపుటకే. కుమారుని చేత అన్నమును మాన్పించుటకు కాదు.

ఇచ్చట మొదటి పూర్వపక్షము లేచును. పతంజలి యోగసూత్రముల విభూతిపాదమున, కంఠకూపమందు సంయమము చేసినవానికి క్షుత్పిపాసలు నివర్తించునని కలదు గదా? కలదు. సంయమమనగా ధారణ, ధ్యాన, సమాధులు మూడును ఒకేచోట నిలుచుట. కొబ్బరినూనె త్రాగుట సంయమము కాదు. పైగా ఆ పాదమందే అట్టి విభూతులు సమాధికి విఘ్నములని పతంజలియే హెచ్చరించెను. మన వారికి కలిగిన ఆకలి లేమికి కారణము కంఠకూపమున లేదు, కాలేయమున ఉన్నది. పిండిపదార్థములు తగ్గినప్పుడు ఇన్సులిన్ తగ్గును; కాలేయము కొవ్వు నుండి కీటోనులను తయారు చేయును. మామూలుగా బరువు తగ్గువానికి గ్రెలిన్ అను ఆకలి హార్మోను పెరిగి, తినుమని పోరు పెట్టును. కీటోనులున్నచోట ఆ పెరుగుదల అణగియుండును. కొవ్వు కడుపులో నెమ్మదిగా కదలును గనుక నిండిన భావము చాలసేపు ఉండును. ఇది దేహధర్మము. నాస్తికుడు తిన్నను ఇట్లే జరుగును, దొంగ తిన్నను ఇట్లే జరుగును. ఇద్దరికిని సమానముగా కలుగుదానిని వైరాగ్యమని ఎట్లు పిలుతుము?

రెండవ పూర్వపక్షము ఆయుర్వేదము పేరిట వచ్చును: ఆకలి లేనిదే తినరాదని పెద్దలు చెప్పలేదా? చెప్పిరి. ముందటి భోజనము జీర్ణము కాకుండ మరల తినరాదని దాని భావము. అజీర్ణముతో త్రేన్చువానికి చెప్పిన మాటను, నిన్న ఉదయము నుండి ఏమియు తినని వానికి అన్వయింపరాదు. ఆహారముపై ఇచ్ఛ లేకపోవుటను, అరుచిని ఆయుర్వేదము రోగలక్షణములలో చేర్చినదే కాని గుణములలో చేర్చలేదు. చరకసంహిత విమానస్థానమున త్రివిధకుక్షీయాధ్యాయమున్నది. అందు అతిమాత్రాహారమునకు దోషము చెప్పినట్లే హీనమాత్రాహారమునకును దోషము చెప్పబడినది: బలము, వర్ణము, పుష్టి క్షీణించును, దేహమునకే కాదు, మనోబుద్ధీంద్రియములకు సైతము హాని కలుగును. అతిభోజనమును నిందించు అర్ధభాగమును మాత్రము చదివి, తక్కిన అర్ధమును వదలిన పాండిత్యము మనలో ఎక్కువైనది. గీత ఆరవ అధ్యాయమున భగవానుడును ఈ రెంటిని ఒకే త్రాసులో తూచెను. మిక్కిలి తినువానికి యోగము లేదు, బొత్తిగా తినని వానికిని లేదు. పదునేడవ అధ్యాయమున, శాస్త్రవిహితము కాని తపస్సుతో దేహస్థ భూతసముదాయమును, లోనున్న తనను కృశింపజేయువారి నిశ్చయము ఆసురమని పలికెను. అంతకంటె కఠినమైన మాట నేనేమి అనగలను?

మూడవది ఉపవాసము పేరు. ఏకాదశీవ్రతమును చూపి, దినమంతయు తినకపోవుట పుణ్యమైనప్పుడు నెలంతయు తినకపోవుట మహాపుణ్యము కాదా యని అడుగుదురు. ఈ ప్రశ్న వినుటకు ముచ్చటగా ఉండును కాని ఏకాదశి యనగానేమో తెలియనివారి ప్రశ్న. ఏకాదశికి ద్వాదశి కలదు. ఉపవాసమునకు సంకల్పమున్నట్లే పారణయు ఉన్నది, దానికి నియతకాలము ఉన్నది. భాగవతము నవమస్కంధమున అంబరీషుని సంకటమంతయు ఇదియే. ద్వాదశి ఘడియలు దాటుచున్నవి, అతిథియైన దుర్వాసుడు స్నానమునకు పోయి రాలేదు. అతిథికి ముందు తినుట అపరాధము, పారణకాలము దాటనిచ్చుట వ్రతభంగము. విప్రులతో విచారించి ఆ రాజు జలమును స్వీకరించి వ్రతమును నిలుపుకొనెను. మహర్షి కోపమునకు గురియగుటకైనను వెనుదీయక పారణను కాపాడినవానిని మనము భక్తాగ్రేసరుడని కొనియాడుచున్నాము. అంబరీషునికి అప్పుడు ఆకలి వేసినదా లేదా యని భాగవతము విచారింపలేదు, గమనింపుడు. కాలము వచ్చినది గనుక పారణ చేయవలెను.

ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యాంశము. ఆకలి యనునది భోజనమునకు ఆహ్వానమే కాని అధికారపత్రము కాదు. అగ్నిహోత్రి ఉదయసాయంకాలములందు ఆహుతి నిచ్చును. అగ్ని అడిగినదా, జ్వాల పైకి లేచినదా యని చూచి ఈయడు. మన జఠరమందలి వైశ్వానరుని విషయమును ఇంతియే. ఛాందోగ్యమే ఐదవ అధ్యాయమున భోజనమును ప్రాణాగ్నిహోత్రముగా చెప్పినది. మొదటి కబళములు ప్రాణ, వ్యాన, అపాన, సమాన, ఉదానములకు ఆహుతులు. పరిషేచనము చేసి భుజించు ప్రతి గృహస్థునకును ఈ క్రమము ఎరుకయే. ఆకలితో తినువానికి ఇంద్రియతృప్తి తోడుగా నిలుచును. ఆకలి లేకున్నను కాలమునకు కూర్చుండి, మాత్ర ప్రకారము, దేహరక్షణమే ప్రయోజనముగా తినువాడు ఫలాసక్తి లేని కర్మ చేసినవాడగుచున్నాడు. నిష్కామకర్మను అభ్యసించుటకు ఇంత చక్కని అవకాశము రోజుకు రెండుసార్లు ఇంటిలోనే దొరకగా, దానిని కాదని తినకపోవుటను తపస్సనుట ఏమి వింత! తైత్తిరీయము భృగువల్లిలో అన్నమును గూర్చిన వ్రతములు చెప్పుచు, నిందింపరాదనిన వెంటనే తిరస్కరింపరాదని విధించినది. "నాకు అన్నముతో పని లేదు" అనుట ఆ రెండవ వ్రతమునకు భంగము. అన్నమనగా వరియన్నమే కాదు, తినబడునదంతయు అన్నమే. సంగటి మానినవానికి అన్నము మానవలసిన పని లేదు.

అయితే మాత్ర యెంత? ఈ ప్రశ్న ఈ సీమకు క్రొత్త కాదు. 1876-78 నాటి ధాతుకరవులో, అనంతపురము ఇంకను బళ్ళారి జిల్లాలో భాగముగా ఉన్న కాలమున, కరవుపనులు చేయు కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అను దొర 1877లో నిర్ణయించెను. చాలదని, ఒకటిన్నర పౌను ధాన్యము కావలెనని, అదియు వట్టి ధాన్యము కాక పప్పులు, కూరలు చేరవలెనని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించెను. కొన్ని నెలలకే కొలత పెంచి పప్పు చేర్చవలసి వచ్చినది. నాడు ఇతరులు మన పూర్వుల నోటికి కట్టిన కొలతను చదివిన నా మనస్సు కలుక్కుమనును. టెంపుల్ దొర కొలత కంటె తక్కువను నేడు కొందరు తమకు తామే, చేతిలో అన్నియు ఉండగా, కట్టుకొనుచున్నారు.

నేటి కొలతను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు చెప్పియున్నారు. 2020 నాటి సిఫారసు ప్రకారము కిలో బరువునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాములు, 65 కిలోల పురుషునికి 54 గ్రాములు. శ్రమ తక్కువైన స్త్రీకి శక్తి 1660 కేలరీలు, పురుషునికి 2110. స్థూలకాయునకు ఇంధనము దేహమందే నిలువయున్నది గదా యందురు. నిజమే, కేలరీలలో కొంత లోటును ఆ కొవ్వు పూరించును. కాని కొవ్వు నుండి మాంసకృత్తులు పుట్టవు. ఆ లోటును దేహము తన కండరముల నుండి తీసికొనును. బరువు తూచు యంత్రము కరిగినది కొవ్వో కండయో చెప్పదు. మెట్లెక్కునప్పుడు మోకాళ్ళు చెప్పును.

శాకాహారులైన భక్తులు పిండిపదార్థములు తగ్గించినప్పుడు ఈ 46 గ్రాములు చేరుట కష్టమే, కాని అసాధ్యము కాదు. మన మెట్టనేల ఇచ్చు వేరుశనగపప్పు 60 గ్రాములలో 15 గ్రాములు, పనీరు 100 గ్రాములలో 18, గడ్డపెరుగు 200 గ్రాములలో 6, కందిపప్పు 30 గ్రాములలో సుమారు 7. మొత్తము 46. దానిపై కూరలు, నేయి. ఇది రెండు పూటలకు పంచుకొనినచో బ్రహ్మాండమైన భోజనమేమియు కాదు. గుడ్డు తినువారికి ఒక్కొక్కటి 6 గ్రాములు. ఆకలి లేనివారు ముందు పనీరు, పప్పు, పెరుగు తిని తరువాత ఆకుకూరలకు పోవలెను. దోసకాయలతో కడుపు నింపుకొనిన పిమ్మట ముద్ద దిగదు. భోజనమునకు ముందు లీటరు నీరు త్రాగుటయు కూడదు. ఒకేసారి తినలేనివారు మూడుగా విభజించుకొనవచ్చును. ఏమి తిన్నదియు వారము దినములు ఒక పుస్తకమున వ్రాసి చూచుకొనుడు. జపసంఖ్య లెక్కించు మనకు ఇది భారము కాదు. ఈ పద్ధతిలో మూత్రము వెంట ఉప్పు ఎక్కువగా పోవును గనుక లేచినప్పుడు కండ్లు తిరిగినచో మజ్జిగలో ఉప్పు వేసికొనుట మేలు. రక్తపోటు, మూత్రపిండ వ్యాధులున్నవారు మాత్రము వైద్యునడిగియే అట్లు చేయవలెను.

ఇన్సులిన్ గాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుచు తిండి తగ్గించినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి, చక్కెర ఎక్కువ కనబడకున్నను రక్తము ఆమ్లీకృతమగు ప్రమాదమున్నది. ఇవి వాడుచు తినకపోవుట సాహసము. మరియు, ఆకలి లేమిని ఎల్లప్పుడు ఆహారపద్ధతికే అంటగట్టరాదు. క్షయ, కాలేయవ్యాధి, మూత్రపిండముల వైఫల్యము, మనోవ్యాకులత సైతము ఆకలిని చంపును. సిద్ధియని నమస్కరించు మండలి వలన ఇట్టి రోగి వైద్యుని వద్దకు పోవుట నెలలు ఆలస్యమగుచున్నది. నా కోపమునకు అసలు కారణమిదియే.

ప్రసాదము మాట అడుగువారు కలరు. కసాపురము ఆంజనేయస్వామి సన్నిధిలోనో పెన్నహోబిలము నరసింహుని సన్నిధిలోనో చక్కెరపొంగలి చేతిలో పెట్టినప్పుడు మధుమేహి యేమి చేయవలెను? కన్నులకద్దుకొని మెతుకంత నోట వేసికొని, తక్కినది ప్రక్కవారికి పంచవలెను. ఆ మెతుకు ప్రసాదమే కాని భోజనము కాదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుగుకొని, ఆకలి వేసినను వేయకున్నను, తన కొలత ప్రకారము విస్తరి ముందు కూర్చుండవలెను.

స్వస్తి.