ఫోన్ పాఠం చెబుతుంది, డౌట్ వినదు

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ సర్కారు బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యాయి. మాది ప్రైవేట్ స్కూల్, కాబట్టి ఫోన్‌లో లైవ్ క్లాసులు. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్, అదీ నాన్నది. చెల్లికీ నాకూ ఒకే టైంకి క్లాసు. "అన్నది పెద్ద క్లాసు కదా" అని అమ్మ ఫోన్ నాకే ఇచ్చేది. చెల్లికి ఆరో తరగతి భిన్నాలు అలా పోయాయి. మొన్న ఇంటర్‌లో లెక్కలు వద్దని సీఈసీ తీసుకుంది. అందులో నా వాటా కూడా ఉంది.

అయితే ఫోన్ ఇచ్చేస్తే సరిపోతుందా? 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ముందే ఎక్కించిన ట్యాబులు ఇచ్చింది. మంచి పనే, డేటా ఖర్చు తగ్గుతుంది. కానీ పిల్లాడికి ఎక్కడ అర్థం కాలేదో వీడియోకి తెలీదు. టీచర్‌కి మొహం చూస్తే తెలుస్తుంది.

మన సంగతే చూడండి. చేతిలో ఫోన్, హాస్టల్‌లో వైఫై, ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సులో చేరడం ఫ్రీ. మనం చేసేదేంటి? వీడియో 2ఎక్స్‌లో పెట్టి, అసైన్‌మెంట్ ఆన్సర్లు వాట్సాప్ గ్రూపులో వెతుక్కోవడం. నేనూ చేశాను. అడిగేవాళ్లు లేరు మరి.

రేపు ఉద్యోగంలో చేరాక ట్రైనింగ్ కూడా ఇలాగే ఫోన్‌కి వస్తుంది. అప్పుడూ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుతామేమో.

అందుకే నేను అడిగేది ఒకటే. ఏ యాప్ పెట్టినా, వారానికి ఒక్క గంట డౌట్లు వినే మనిషిని కూడా పెట్టండి. చెల్లికి అప్పుడు ఫోన్‌తో పాటు ఆ మనిషి కూడా లేరు.